మా మరదలి ఎర్రనాచూ, ఆరో నిబంధనా

మా మరదలు ముందుగదిలో ఒక సముద్రాన్ని పెంచింది. ఆ సముద్రం ఒకరోజు పొద్దున్నే మేడమెట్లు దిగి ఊళ్ళోకి వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా మా మరదలు దాన్ని చెవి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చి, ఎక్కడిది అక్కడ కూర్చోబెట్టింది.

సరే, మొత్తం సముద్రం కాదు. నాలుగడుగుల గాజుతొట్టెలో పట్టినంత. మెట్లు దిగిన మాట మాత్రం నిజం. ప్లాస్టర్ బస్తాలు మోసే ఇద్దరు మనుషులు దాన్ని దింపారు. ముందు నడుస్తూ "జాగ్రత్త, జాగ్రత్త" అనే బరువైన పని నేను చేశాను. చెవి సంగతి కొంత కల్పించాను. చిన్నప్పుడు కాన్వెంటులో అబద్ధం చెబితే మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. ఇప్పుడు నా మోకాళ్ళు అందుకు ఒప్పుకోవు కాబట్టి ఇక్కడి నుంచి వీలైనంతవరకు నిజమే రాస్తాను. పైగా కోపంతో రాస్తున్నాను. కోపంలో ఉన్నప్పుడు నాకు కల్పన అంతగా రాదు.

మరదలంటే నా భార్యకు చెల్లెలు. మాతోనే ఉంటుంది. కట్టుడు పళ్ళు చేస్తుంది. డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే, ల్యాబులో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, మైనంలో ఒక్కో పన్నూ నాటి, చిగుళ్ళు పోతపోసి, సానపట్టి పంపించేది ఆవిడే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. మా ఊళ్ళో యాభై దాటినవాళ్ళు నలుగురు కూర్చుని నవ్వుతుంటే అందులో ఒక నవ్వు మా మరదలు చేసిందే. ఎవరిదన్నది మాత్రం చచ్చినా చెప్పదు. ఎదురుగా మాట్లాడుతున్న మనిషి నోట్లో తన పనితనం కనిపించినా, చూపు తిప్పుకుని ఎండల గురించి మాట్లాడుతుంది. తెలుపులో పదహారు రకాలు ఆవిడ కంటికి తెలుసు. నాకు తెలిసినవి రెండే, తెలుపూ, మాసిన తెలుపూ.

ఏడేళ్ళ కిందట ల్యాబు గుమ్మంలో పెట్టడానికి చిన్న చేపల తొట్టె కావాలని నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళింది. ఆ దుకాణాయనకి ఊళ్ళో తళతళ గారని పేరు. ఎవరు తొట్టె కొన్నా ఆయన చెప్పే మాట ఒక్కటే, "తళతళలాడాలి!" అని. మేం వెళ్ళేసరికి ఆయన ఉప్పునీళ్ళ తొట్టెలోంచి తీసిన ఒక రాయిని బ్లేడుతో గీకుతున్నాడు. గోరంత ఎర్రటి ముక్క ఒకటి రాలి చెత్తబుట్టలో పడింది.

"అదేంటి సార్?" అంది మరదలు.

"నాచమ్మా. దరిద్రం. గీకినకొద్దీ వస్తుంది."

"నేను తీసుకోనా?"

"పట్టుకుపోమ్మా! పీడ వదిలింది."

పన్ను నమూనాలు పెట్టుకునే చిన్న డబ్బా ఆవిడ సంచీలో ఎప్పుడూ ఉంటుంది. అందులో ఆయన తొట్టెలోంచే ఇన్ని నీళ్ళు పోసుకుని, ఆ ముక్కను వేసుకుని ఇంటికి తెచ్చింది. చేపల తొట్టె కొనడం మరిచిపోయింది. ల్యాబు గుమ్మం ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

ఆ గోరంత ముక్క ఏడేళ్ళలో ఏమైందో చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళు నమ్మరు. తొట్టె మధ్యలో నల్లరాళ్ళ మీద, జడ విప్పుకున్న మనిషి వెనకనుంచి కనిపించినట్టు, ఎర్రగా వేలాడుతూ ఊగుతూ ఉంటుంది. దాని చుట్టూ మిగతావి ఒక్కొక్కటే వచ్చి చేరాయి. ఆకుపచ్చ బిళ్ళలు ఒకదాని మీదొకటి అతికించినట్టుండే దండనాచు, ద్రాక్షగుత్తిలా ఎర్రటి బుడగలతో ఒకటి, ఈకల్లాంటిది ఒకటి. గిన్నెలు తోమే పీచులా చిక్కుపడి ఉండేది ఇంకొకటి. నీలిమెరుపు అని ఒకటుంది; పక్కనుంచి చూస్తే బూడిదరంగు, పైనుంచి లైటు పడితే నెమలికంఠం. సముద్రం మా ఊరికి రైల్లో ఒక రోజు దూరం. శుద్ధి చేసిన నీళ్ళల్లో ఉప్పు పొడి కలిపి, ఒక చుక్క గాజు పలక మీద వేసి, ఉప్పు కొలిచే గొట్టంలోంచి ఒంటికన్నుతో చూసి, "సరిపోయింది" అనేది మరదలు. మైనం చెక్కే కత్తితోనూ, చిగుళ్ళ కోసం చేసిన వంకర కత్తెరతోనూ ప్రతి ఆదివారం కత్తిరించేది. కత్తిరించకపోతే బలమున్నది బలంలేనిదాని మీద నీడ వేసి చంపేస్తుంది. తొట్టెలు పెంచేవాళ్ళందరూ నాచు పట్టకుండా నీళ్ళల్లోంచి ఎరువు తీసెయ్యడానికి తంటాలు పడుతుంటే, ఈవిడ చుక్కలు లెక్కపెట్టి మరీ ఎరువు వేసేది. ఎరుపు ఒక్క పిసరు వెలిసిందంటే చాలు, "ఆకలేస్తోంది దీనికి" అనేది. నాకు నిన్నటి ఎరుపూ ఇవాళ్టి ఎరుపూ ఒకేలా కనిపించేవి.

ఇక్కడ నా నేరం కూడా ఒప్పుకోవాలి. ఒకసారి ఆవిడ నాలుగు రోజులు ఊరికి వెళ్తూ తొట్టెను నాకు అప్పగించింది. నీళ్ళు రెండంగుళాలు తగ్గాయి. ఉప్పునీళ్ళ తొట్టె కదా అని, శ్రద్ధగా ఉప్పు కలిపి మరీ పోశాను. ఆవిడ వచ్చేసరికి దండనాచు తెల్లబోయి ఉంది. నేనూ తెల్లబోయాను.

"నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు ఎక్కడికి పోతుంది బావా? గాల్లోకి ఎగురుతుందా? మంచినీళ్ళు కదా పోయాలి! పదో తరగతి ఎలా పాసయ్యావు?"

"పక్కవాడిది చూసి" అన్నాను, నిజమే కాబట్టి. పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. కాబట్టి ఆ తొట్టె విషయంలో నాకు కోపం వచ్చిందంటే అందులో నా పాత బాకీ కూడా కొంత ఉందనుకోండి.

అసలు కోపమంతా మా ఇంట్లోకి అడుగుపెట్టిన ప్రతివాళ్ళ మీదా ఉంది. చెప్పులు విప్పకుండానే, "అయ్యో, తొట్టె కడగలేదా?" అనేవారు. ఎవరింట్లోనైనా కుండీలో గులాబీ చూసి "అయ్యో, మొక్క మొలిచిందే, పీకలేదా?" అంటామా? గ్యాసు కనెక్షన్ చూడటానికి వచ్చినాయన అయితే నా భార్యతో, "ఇందులో కాస్త బ్లీచింగ్ వెయ్యండమ్మా, పోతుంది" అన్నాడు. నా భార్య శాంతమూర్తి. "మీరు ముందు బయటికి పొండి, మీరు పోతే చాలు" అంది.

ఇవన్నీ మింగవచ్చు. ఇంటావిడను మింగలేం. ఇంటావిడంటే మా కింది వాటాలో ఉండే ఈ ఇంటి యజమానురాలు. పంకా మార్పించే పనిమీద ఒకరోజు పైకి వచ్చి, తొట్టె ముందు ఆగింది.

"చేపలేవమ్మా?"

"చేపలుండవండి. ఉంటే వీటిని తినేస్తాయి" అంది మరదలు.

"వీటినంటే?"

"నాచునండి."

ఇంటావిడ కళ్ళజోడు సవరించుకుంది. "ఇంత పెట్టె, ఇన్ని నీళ్ళు, నెత్తిమీద లైట్లు, ఇదంతా నాచు కోసమా? నా స్నానాలగదిలో వేలెడు నాచు పడితే మనిషిని పిలిచి గీకిస్తాను. నువ్వు లైటేసి పెంచుతున్నావా? నా మేడ మీద? రేపు గోడలకి పాకితే?"

"ఇది గోడలకి పాకదండి. ఉప్పునీళ్ళు దాటితే బతకదు."

"నాకు నువ్వు సైన్సు చెప్పకమ్మా. నెలాఖరుకల్లా దించెయ్యి."

అప్పుడు నా భార్య అడ్డుపడింది. ఊరి సమావేశ మందిరంలో వచ్చే ఆదివారం ఇంటి తొట్టెల ప్రదర్శన ఉందనీ, పోటీ పెట్టి మార్కులు వేస్తారనీ చెప్పింది. "అందులో మంచి మార్కులొస్తే ఉంచుకోనిస్తారా?"

ఇంటావిడ తొట్టెను మరోసారి ఎగాదిగా చూసింది. ఏ మాటకామాటే చెప్పాలి, మొండిదే కానీ మాట మీద నిలబడే మనిషి. "తెలిసినవాళ్ళు బావుందంటే నేనెందుకు కాదంటాను? మార్కుల కాగితం తెచ్చి చూపించండి. లేదంటే బకెట్లతో కిందికి."

ఇంటావిడ దిగి వెళ్ళాక మరదలు నాకు తన కుడిచెయ్యి చూపించింది. "చూశావా బావా, కత్తి పట్టుకుంటే కొస ఊగుతోంది. ల్యాబులో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ఇది పోతే మళ్ళీ గోరంత ముక్కనుంచి మొదలుపెట్టే ఓపిక ఈ చేతికి లేదు." అంతే అంది. కత్తెర తుడిచి లోపల పెట్టేసింది. నేను హాస్యమాడదామనుకుని నోరు తెరిచి, ఆవులించినట్టు నటించి మూసుకున్నాను.

అలా ఆ ఆదివారం సముద్రం మెట్లు దిగింది. సగం నీళ్ళు డబ్బాల్లో, నాచంతా తడిగుడ్డ కప్పిన టబ్బుల్లో. మందిరంలో తొట్టె పెట్టి, నీళ్ళు పోసి, పట్టకారుతో ఒక్కొక్కటీ దాని చోట దాన్ని నిలబెట్టేసరికి రెండు గంటలు పట్టింది. నీళ్ళు తేరుకోగానే చుట్టుపక్కల తొట్టెలవాళ్ళు తమ చేపల్ని వదిలేసి వచ్చి నిలబడ్డారు. ఒకాయన "ఇది ప్లాస్టిక్కా?" అన్నాడు. అది మెచ్చుకోవడమేనని తర్వాత తెలిసింది.

పోటీకి న్యాయనిర్ణేత ఎవరయ్యా అంటే, తళతళ గారు! తలుపుకి నిబంధనల కాగితం అంటించారు. అందులో ఆరోది ఇదీ: "తొట్టెలో నాచు కనబడినచో ఒక్కొక్క దానికి అయిదు మార్కులు తగ్గించబడును." అదే కాగితం దరఖాస్తుతోపాటు ముందే వస్తే మరదలు ఇంటి దగ్గరే చదివింది. అది అద్దానికి పట్టే జిగురు సంగతనుకుంది. తన అద్దం మీద జిగురు లేదు కాబట్టి తనకేం భయం అనుకుంది. ఏడేళ్ళుగా నాచును మొక్కగా చూసే మనిషికి తప్ప ఇంకెవరికీ ఇలాంటి పొరపాటు తట్టదు.

తళతళ గారు పలక మీద కాగితం పెట్టుకుని వచ్చాడు. నీళ్ళ స్వచ్ఛత, వెలుతురు, అమరిక, అన్నిటికీ కలిపి డెబ్బై ఎనిమిది వేశాడు. తక్కువేం కాదు. తర్వాత వంగి చూశాడు.

"నాచు!" అన్నాడు.

"అవును సార్" అంది మరదలు మురిసిపోతూ.

"ఆరో నిబంధన చదివావా అమ్మా?"

"అది జిగురుకి కదా సార్? మా అద్దం వేలు పెట్టి చూడండి."

"నాచు అని రాశాం. నాచు ఉంది. ఇదొకటి." పెన్నుతో గీత పెట్టాడు. "ఇది రెండు. ఇది మూడు." అలా పదిహేనుదాకా వెళ్ళి, "ఇవి రెండూ ఒకటేగా?" అన్నాడు.

"కాదు సార్, వేరు వేరు. దీని కొసలు చీలి ఉంటాయి చూడండి" అంది ఈ పిచ్చిది. అంతటితో ఊరుకుందా? "ఆ రాయి వెనక ఇంకో మూడు రకాలున్నాయి. మీకు కనబడటం లేదేమో, ఇటు రండి" అని చెయ్యి పట్టి చూపించింది. ఒక్క రకం కూడా లెక్క తప్పిపోవడం ఆవిడకి ఇష్టంలేదు.

పంతొమ్మిది రకాలు. తొంభై అయిదు కోత. డెబ్బై ఎనిమిదిలోంచి తొంభై అయిదు తీసేస్తే ఎంతో మీరు వేసుకోండి. ఆయన మాత్రం అది అక్షరాలా వేశాడు. సున్నాకి పదిహేడు కింద! ఆ కాగితాన్ని తొట్టెకి అంటించి మరీ వెళ్ళబోయాడు. మురికినీళ్ళల్లో చచ్చిన చేపను పెట్టి తెచ్చినా సున్నా వచ్చేది.

నేను ఆగలేకపోయాను. "ఏం సార్, గులాబీల పోటీలో ఒక్కో పువ్వుకి అయిదు మార్కులు కోస్తారా?"

"మీరెవరు?"

"బావగారిని."

"అయితే ఆ పక్కన నిలబడండి" అని ముందుకు సాగిపోయాడు.

ఆ పక్కన ఉన్న తొట్టె ఎవరిదనుకున్నారు? తళతళ గారి అల్లుడిది. ఎనభై ఎనిమిది మార్కులు, మొదటి బహుమతి. రెండో స్థానానికి ఎనభై అయిదు. అల్లుడి తొట్టె తళతళలాడుతోంది, నిజమే. తెల్ల ఇసుక, ఒక తెల్లరాయి, వెనక తెల్ల అట్ట. ఆపరేషన్ గదిలా ఉంది. అందులో ఒకే ఒక్క సముద్రగుర్రం, గుర్రంతలా వంకీతోకా ఉండే బుల్లి చేప, ఉష్ణోగ్రత చూసే పరికరం తీగకి తోక చుట్టుకుని వేలాడుతోంది. మా మరదలు తన పదిహేడు మాట మరిచిపోయి దాన్నే చూస్తూ నిలబడింది.

"ఇది ఎప్పట్నుంచి ఆ తీగ పట్టుకుని ఉందయ్యా?"

"నిన్నట్నుంచి ఆంటీ. ముద్దుగా ఉంది కదా?" అన్నాడు అల్లుడు. కుర్రవాడు మంచివాడే, మామగారి చేతిలో పడ్డాడంతే.

"ముద్దు కాదు, భయం. దానికి ఈత సరిగ్గా రాదు. తోకతో దేన్నో ఒకదాన్ని పట్టుకోందే నిలవలేదు. ఈ గదిలో పట్టుకోవడానికి నువ్వు ఏం పెట్టావు?"

"మామయ్యగారు ఏమీ పెట్టొద్దన్నారండీ."

మా మరదలు ఆ తొట్టెలోంచి ఒక చుక్క తీసి గాజు పలక మీద వేసి చూసింది. ఉప్పు సరిపోయింది. వెనక్కి తిరిగి, తన తొట్టెలోని ఎర్రనాచు జడలోంచి జానెడు పాయ ఒకటి కత్తిరించి, చిన్న రాయికి దారంతో కట్టి, "పెట్టనా?" అని అడిగింది. అల్లుడు దిక్కులు చూసి తలూపాడు. పాయ నెమ్మదిగా దిగి ఇసుక మీద నిలబడి ఊగింది. సముద్రగుర్రం కాసేపు చూసింది. తీగ వదిలింది. వంకరటింకరగా, పడుతూ లేస్తూ వచ్చి, ఎర్ర కొమ్మకి తోక మూడు చుట్లు చుట్టేసుకుంది. అంతసేపూ తెల్లగా పాలిపోయి ఉన్న దాని మెడ మెల్లగా రంగు తిరిగింది. చూస్తున్నవాళ్ళు "ఆహా" అన్నారు. నేనూ అన్నాను, అందరికంటే గట్టిగా.

సరిగ్గా అప్పుడే తళతళ గారు ఫొటో తీయించడానికి రిబ్బను పట్టుకుని వచ్చాడు.

"ఇదేంటిది? మొదటి బహుమతి తొట్టెలో నాచా!"

"అవును సార్" అంది మరదలు. ఈసారి మురిసిపోలేదు. "ఆరో నిబంధన. కొయ్యండి అయిదు మార్కులు."

ఎనభై ఎనిమిదిలో అయిదు పోతే ఎనభై మూడు. ఎనభై అయిదువాడు అప్పుడే కాలరు సర్దుకోవడం మొదలుపెట్టాడు. తళతళ గారు చొక్కా చేతులు పైకి మడిచి తొట్టెలో చెయ్యి పెట్టాడు. పాయను లాగితే గుర్రం కూడా వస్తోంది. వదలదే! పైకెత్తితే దానితోపాటే పైకి, దించితే కిందికి.

"లాగకండి సార్, తోక తెగుతుంది!" అని మందిరమంతా అరిచింది.

"మామయ్యగారూ, వదిలెయ్యండి" అన్నాడు అల్లుడు కూడా.

"నువ్వు నోర్ముయ్! నలభై ఏళ్ళ అనుభవం నాది! నాచు అంటే నాచే!" అని ఆయన గొంతు చించుకున్నాడు. ఆ అరుపుకి పై వరస పళ్ళు కొంచెం జారాయి. చటుక్కున సర్దుకున్నాడు. ఎవరూ చూడలేదు. చూడాల్సిన మనిషి చూసింది.

మా మరదలు దగ్గరకు వెళ్ళి ఆయన చెవిలో చెప్పింది. మొదట్లో చెవి అని రాశానే, అది ఈ చెవి అయ్యుండాలి. వాళ్ళిద్దరి మధ్యా నేను తల దూర్చాను కాబట్టి నాకు వినబడింది.

"సార్, మీ పై వరసలో ఎడమ కోరపన్ను కొంచెం వంకర. ఆ వంకర నేను పెట్టిందే. దాని మీద చిన్న పసుపు జీర కూడా నేను పెట్టిందే. అన్నీ వరసగా, తళతళలాడుతూ పెట్టి ఉంటే ఈ మందిరంలో ప్రతివాళ్ళూ కనిపెట్టేసేవారు. ఎవరికీ చెప్పను, ఆ అలవాటు నాకు లేదు. ఆ జీర పెట్టినందుకు మాత్రం నాకు మార్కులు కొయ్యకండి."

తళతళ గారి నోరు టపీమని మూసుకుంది. చెయ్యి ఇంకా నీళ్ళల్లోనే ఉంది. గుర్రం ఆయన బొటనవేలి పక్కనే కొమ్మ పట్టుకుని ఊగుతోంది. ఆయన దాన్ని చూశాడు. నిజంగా చూడటం అదే మొదటిసారేమో. చెయ్యి బయటికి తీసి, తుడుచుకుని, తలుపు దగ్గరకు నడిచి, నిబంధనల కాగితంలో ఆరోదాన్ని పెన్నుతో అడ్డంగా కొట్టేసి సంతకం పెట్టాడు. మా తొట్టె దగ్గరకు వచ్చి పదిహేడును కొట్టేసి డెబ్బై ఎనిమిది వేశాడు. నోరు మాత్రం తెరవలేదు.

ఆయనకి న్యాయం తెలిసొచ్చి కొట్టేశాడా, అల్లుడి బహుమతి కోసం కొట్టేశాడా, పళ్ళ కోసం కొట్టేశాడా, నాకు తెలియదు. ఒక మంచి పని జరగడానికి ఒక మనిషిని ఇన్ని వైపులనుంచి నొక్కాల్సి వచ్చిందే అన్నదే నా ఉక్రోషం. గోరంత ముక్కను చెత్తబుట్టలో పారేసిందీ ఆయనే, అది జడంత అయ్యాక సున్నా కిందికి తోసిందీ ఆయనే. "ఇది నీ దుకాణం ముక్కేనయ్యా" అని మరదలు ఒక్క మాట అనలేదు. నేను అనబోతే కాలు తొక్కింది.

డెబ్బై ఎనిమిది అంటే నాలుగో స్థానం. బహుమతి లేదు. సాయంత్రం తొట్టె మెట్లెక్కుతుంటే ఇంటావిడ గుమ్మంలోనే కాచుకుని ఉంది. కాగితం లాక్కుని, కొట్టివేతలూ సంతకాలూ అటూ ఇటూ తిప్పి చూసింది. మా మరదలు కుడిచెయ్యి కొంగులో దాచుకుంది.

"నాలుగోదా?" అంది ఇంటావిడ.

"అవునండి."

"నా ఇంట్లో పెరిగిన తొట్టెకి నాలుగో స్థానమా? ఎవడా మార్కులేసింది? కళ్ళున్నాయా వాడికి?" అని, మోస్తున్నవాళ్ళ మీదకు తిరిగింది. "ఏమయ్యా, గోడకి తగలనీకండి! గోడకి కాదు నా భయం, ఆ పెట్టెకి!"

ఇదీ జరిగింది. మొన్న ఇదంతా రాసుకుని మా మరదలికి చదివి వినిపించాను. ఆవిడ నావైపు తిరగకుండా, ముందుగది తొట్టె దగ్గర కుర్చీ వేసుకుని, బుల్లి బుల్లి రొయ్యల్ని పట్టకారుతో ఒక్కొక్కటే లోపలికి వదులుతోంది. కొస కొంచెం ఊగుతోంది. నాచు రొయ్యల్ని తినదని నాకు కూడా తెలుసు.

"అయిపోయిందా బావా?" అంది.

"అయిపోయింది. ఎలా ఉంది?"

"ఒక్క ముక్క నిజం లేదు. ఆ ఆదివారం వాన. మనం ఇల్లు కదల్లేదు. ఎవరి పళ్ళు ఎవరు చేశారో నాకు గుర్తుండదు. ఇంటావిడ ఎప్పుడూ పైకి రాలేదు. ఈ ఇంట్లో సముద్రగుర్రం లేదు."